పంపు మోగుతోంది, ఇల్లు వేడెక్కదేం?

బ్రిటన్ వంటి చలిదేశాల ఇళ్ళలో, బాయిలర్‌లో కాగిన నీటిని చిన్న పంపు ఒకటి గొట్టాల గుండా గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి నెడుతుంది. చల్లారిన నీరు తిరిగి బాయిలర్‌కే చేరుతుంది. మన బావి పంపులాగా ఇది నీటిని పైకి తోడనక్కరలేదు. ఎందుకంటారా? గొట్టాలు నీటితో నిండిన మూసిన వలయం. పైకెక్కే నీటి బరువుకు దిగే నీటి బరువు దాదాపు సరిపోతుంది. గొట్టాల రాపిడిని జయిస్తే చాలు. అందుకే మామూలు ఇంటికి 40, 50 వాట్ల మోటారు సరిపోతుంది.

మంచు కురిసే రాత్రి ఆ ప్రవాహం ఆగితే పసిపిల్లలకూ, ముసలివాళ్ళకూ ప్రమాదమే. లోపం ఎక్కడో ఎలా తెలుస్తుంది? రేడియేటరును జాగ్రత్తగా తాకి చూడాలి.

అడుగు వెచ్చగా, పైభాగం చల్లగా ఉందా? లోపల గాలి చేరింది. తేలికైన గాలి పైకి చేరి నీటి చోటును ఆక్రమిస్తుంది. పైనున్న చిన్న మరను తిప్పి దాన్ని వదిలేయాలి.

పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉందా? తుప్పువల్ల పుట్టిన నల్లని బురద పేరుకుంది. అందులో ఎక్కువభాగం మాగ్నటైటు, అయస్కాంతానికి అంటుకుంటుంది!

అన్నీ చల్లగా ఉండి, బాయిలర్ దగ్గరి గొట్టం మాత్రం కాలుతోందా? అప్పుడు పంపును అనుమానించాలి. వేసవంతా కదలక ఇరుసు బిగుసుకుని ఉండవచ్చు. లేదా పంపులోనే గాలి నిండి ఉండవచ్చు. గిర్రున తిరిగే చక్రం బరువైన నీటిని బయటికి విసరగలదు గాని, తేలికైన గాలిని విసిరి ఒత్తిడి పుట్టించలేదు. కరెంటు ఆపి, నీరు చల్లారాకే మెకానిక్ పంపు మీద చేయి వేస్తాడు.

మరి, మన పొలాల్లో మోటారు వేసే ముందు పంపులో నీళ్ళు ఎందుకు పోస్తారో ఇప్పుడు మీరే చెప్పండి!