నీళ్ళు నిండాక చెరువు పని కొలతకు దొరకదు
మిషను దిగకముందే లెవెల్స్ చూసుకోవాలి

రోడ్డు పని నాసిగా చేస్తే ఆరు నెలల్లో గుంటలు పడి ఊరంతా చూస్తుంది. బడి గోడ పగుళ్ళిస్తే పిల్లలే వచ్చి చెబుతారు. చెరువు పని అలా కాదు. తొలకరికి నాలుగు మంచి వానలు పడి నీళ్ళు చేరాయంటే, అడుగున ఎంత పూడిక తీశారో చెప్పగలిగే మనిషి వుండడు. బిల్లులో రాసిందే లెక్క. అందుకే చెరువు పనులు ఎండాకాలం చివర, మే నెలాఖరులో హడావుడిగా మొదలవుతుంటే రైతులు కాస్త అనుమానంగానే చూడాలి. జనవరి, ఫిబ్రవరిలో అగ్రిమెంటు అయిన పనికి మేలో మిషను దిగిందంటే కారణం అడగాలి.

చెరువు పని చెడితే ముందు దెబ్బ తగిలేది చివరి మడి రైతుకు. తూము కారిపోయినా, కట్ట కుంగి నీళ్ళు నిండుగా నిలపలేకపోయినా, తూము దగ్గరి పెద్ద కమతాలు ఎలాగో తడుస్తాయి. కాల్వ చివరి ఎకరం, రెండెకరాలకే పొట్ట దశలో ఆఖరి రెండు తడులు అందవు. ఆ రెండు తడులే చిన్న రైతు ఏడాది సంపాదన.

చెరువులకు డబ్బు రాలేదనడానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో నీటిపారుదల వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. చాలాచోట్ల మరమ్మతులు వాటి చేతుల మీదుగానే నడిచాయి. 2000లో నీరు-మీరు వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ వచ్చాయి. మిషన్ కాకతీయ 2015 మార్చి 12న నేటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ చెరువు దగ్గర మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటల్ని విడతలవారీగా బాగుచేయాలన్నది ఆనాటి లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో నీటి సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. పథకం పేరు మారుతుంది, బోర్డు రంగు మారుతుంది. పని నడిచే దారి మాత్రం ఇంచుమించు అదే. ఆ దారి తెలిసిన రైతును మోసం చేయడం కష్టం.

ఎస్టిమేటు నుంచి బిల్లు దాకా

మొదట ఇంజనీరు వచ్చి చెరువు చూసి ఎస్టిమేటు తయారుచేస్తారు. ఏ పనికి ఎంత రేటన్నది ప్రభుత్వం ప్రకటించే రేట్ల పట్టీ ప్రకారం వుంటుంది. దానిపై పరిపాలనా ఆమోదం, ఆ తర్వాత సాంకేతిక ఆమోదం రావాలి. తర్వాత టెండరు. పెద్ద పనుల టెండర్లు 2003 నుంచి కంప్యూటరు మీదికి మారాయి. చిన్నవి నామినేషన్ మీద ఇచ్చిన కాలాలూ వున్నాయి. ఒకే చెరువు పనిని కట్టకు ఒకటి, తూముకు ఒకటి, పూడికకు ఒకటిగా ముక్కలు చేశారంటే, టెండరు తప్పించడానికేమోనని అడగవచ్చు. అడగడం నేరం కాదు.

టెండరులో గుత్తేదారు ఎస్టిమేటు కన్నా బాగా తక్కువకు పాడాడని తెలిస్తే ఊళ్ళో సంబరపడతారు, సర్కారుకు డబ్బు మిగిలిందని. పాతిక శాతం లెస్ వేసినవాడు ఆ పాతికను ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. డీజిలు ధర తగ్గదు, మిషను అద్దె తగ్గదు. తగ్గేది రోలరు తిరిగే సార్లు, సిమెంటు బస్తాలు, పూడిక లోతు.

పని నడుస్తున్నప్పుడు అసిస్టెంటు ఇంజనీరు కొలతలు తీసి ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు. డిప్యూటీ ఇంజనీరు మళ్ళీ చెక్ మెజర్‌మెంటు చేస్తారు. క్వాలిటీ కంట్రోలు వాళ్ళు వేరే వస్తారు. అన్నీ సరిపోతేనే బిల్లు కదులుతుంది. ఎం.బుక్‌లో ఎక్కని పనికి రూపాయి రాదు. ఎక్కితే మాత్రం, చేయని పనికైనా వస్తుంది. కీలకమంతా ఆ పుస్తకంలోనే వుంది.

ముందు లెవెల్స్ ఎందుకు ముఖ్యం

పూడికను కొలిచే పద్ధతి తేలికే. మిషను దిగకముందు చెరువు అడుగున చాలా చోట్ల మట్టం చూసి రాస్తారు. తవ్వాక అవే చోట్ల మళ్ళీ చూస్తారు. రెంటి మధ్య తేడాయే తీసిన మట్టి. తవ్విన తర్వాతి లెవెల్స్ ఎవరైనా వెళ్ళి సరిచూడవచ్చు. ముందు లెవెల్స్ మాత్రం ఒక్కసారే దొరుకుతాయి. బకెట్టు ఒకసారి మట్టిలో దిగాక పాత మట్టం ఎంతో కాగితం తప్ప ఏదీ చెప్పదు. ఆ కాగితంలో అర అడుగు ఎక్కువ రాస్తే, తీయని అర అడుగు మట్టికి బిల్లు తయారైనట్టే.

కాబట్టి ముందు లెవెల్స్ తీసే రోజు ఆయకట్టు రైతులు నలుగురైదుగురు చెరువులో వుండాలి. ఏ రోజు తీస్తారో చెప్పమని ముందే అడగాలి. తీసిన లెవెల్స్ నకలు ఒకటి అదే రోజు అడిగి తీసుకోవడం మంచిది. కూలీలతో తవ్వించే రోజుల్లో గుంట మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా మట్టి దిమ్మెలు వదిలేవారు. కొలత అయ్యేదాకా అవి పాత మట్టానికి సాక్ష్యం. మిషను పనిలోనూ కొన్ని దిమ్మెలు వదలమని అడగవచ్చు.

“ఎస్టిమేటు కాపీ ఒకటి ఇప్పించండి సారూ” అంటే, “నీకెందుకు పెద్దాయనా, పని జరుగుతోందిగా” అనే జవాబు చాలా ఊళ్ళలో వినపడేదే. “ఆయకట్టులో నాదీ రెండెకరాలుంది సార్, నీళ్ళు పారాల్సింది మా మడికే” అని నిదానంగా చెప్పి నిలబడితే సరిపోతుంది. గొడవ పడనక్కరలేదు.

ట్రాలీ లెక్క

లెవెల్స్ గొడవ అర్థం కాకపోతే ట్రాలీల లెక్క వుండనే వుంది. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరంలో అడుగు మందాన పూడిక తీస్తే 1,230 ఘనపు మీటర్లకు పైమాటే. తవ్విన మట్టి వదులై పాతిక శాతం దాకా పెరుగుతుంది కాబట్టి ట్రాలీల్లో పడేసరికి 1,540 దాకా వస్తుంది. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఎకరానికి, అడుగుకు ఐదొందల పైచిలుకు ట్రిప్పులు. ఇప్పుడు ఎస్టిమేటులో పది ఎకరాల మేర అడుగున్నర లోతు అని వుందనుకోండి. దాదాపు 7,700 ట్రిప్పులు వెళ్ళాలి. రోజుకు రెండొందల ట్రిప్పులు పోయినా ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది రోజుల పని. పది రోజుల్లో మిషను వెళ్ళిపోతే తేడా ఎక్కడుందో మీరే పట్టుకోగలరు. టిప్పర్లయితే ఒక్కో దానికి ఎంత పడుతుందో కొలిచి అలాగే లెక్కవేయాలి. కట్ట మీద ఒక కుర్రవాణ్ణి నోటుబుక్కుతో కూర్చోబెట్టండి, చాలు.

మిషన్ కాకతీయలో తవ్వి ట్రాక్టరులో నింపే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఆ మట్టి ఎర్ర చల్కలకు, ఇసుక నేలలకు బాగా పనికొస్తుంది, తేమ నిలుపుతుంది. నల్లరేగడికి తోలితే ఖర్చే మిగులుతుంది. తోలేముందు మట్టి పరీక్ష చేయించుకుంటే మేలు.

కట్ట, తూము

కట్ట మీద మట్టి కుమ్మరించి పైన బ్లేడుతో సాపు చేస్తే చూడ్డానికి పెళ్ళిపందిరిలా వుంటుంది. మొదటి వానకే కుంగుతుంది. మట్టిని పలచటి పొరలుగా పరిచి, నీళ్ళు చల్లి, ఒక్కో పొర మీద రోలరు తిప్పాలి. పొర మందం ఎంతో ఎస్టిమేటులో వుంటుంది, చూసుకోండి. పాత కట్టను మెట్లుగా చెక్కకుండా కొత్త మట్టి పోస్తే రెండూ కలవవు, ఆ సందునే నీరు వెతుక్కుంటుంది. సర్కారు తుమ్మ పైపైన నరికి వదిలేస్తే జంగిల్ కొట్టినట్టు కాదు. వేళ్ళు పెకలించాలి. ఆ వేళ్ళు కుళ్ళిన సందుల్లోంచే బుంగలు పడతాయి.

తూము దగ్గర సిమెంటు పనికి 1:2:4 అని వుంటే ఒక బస్తాకు రెండున్నర ఘనపుటడుగుల ఇసుక, ఐదు ఘనపుటడుగుల కంకర. అంతకు మించి ఇసుక పడుతుంటే మేస్త్రీని అక్కడే ఆపాలి. కాంక్రీటు వేశాక గోనెపట్టాలు కప్పి కనీసం పది రోజులు తడపాలి. ఎండాకాలంలో అందరూ ఎగ్గొట్టేది దీన్నే. అలుగు ఎత్తు పాత ఎత్తేనా, తగ్గించారా అన్నది కూడా చూసుకోవాలి. శిఖంలో సాగు చేసుకునేవాళ్ళ ఒత్తిడి ఎప్పుడూ అలుగు తగ్గించే వైపే వుంటుంది. అలుగు అడుగు తగ్గితే చెరువంతటా పైమట్టం నీళ్ళు అడుగు పోయినట్టే.

కాగితం అడిగే హక్కు

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్ళో ఒక విచిత్రమైన సభ జరిగింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు పంచాయతీ పనుల బిల్లులు, కూలీల మస్టరు రోల్స్ సంపాదించి జనం ముందు చదివారు. పనికి రానివాళ్ళు వచ్చినట్టు, పూర్తికాని పని పూర్తయినట్టు రాసిన లెక్కలు ఊరివాళ్ళ నోటనే బయటపడ్డాయి. చదువు రాని కూలీలే సాక్ష్యం చెప్పారు. అక్కడ రాజుకున్న నిప్పు 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా అయింది. 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చింది.

ఈ చట్టంలో కాగితం నకలు అడగవచ్చన్న సంగతి చాలామందికి తెలుసు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా వున్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. చెరువు పని విషయంలో మంజూరైన ఎస్టిమేటు, అగ్రిమెంటు, ముందు వెనుక లెవెల్స్, ఎం.బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోలు రిపోర్టు, చెల్లించిన బిల్లులు, వీటి నకళ్ళు అడగండి. “చెరువు పని వివరాలన్నీ ఇవ్వండి” అని రాస్తే ఎటూ తేలదు. పేరుపేరునా రాయాలి. దరఖాస్తు పౌర సమాచార అధికారి పేర. గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. దారిద్ర్యరేఖ దిగువనున్నవారికి అసలే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు.

బిల్లు అయిపోయాక కూడా దారి మూసుకుపోదు. గుత్తేదారు సొమ్ములో కొంత డిపాజిట్టుగా ఆపి వుంచుతారు. లోపాలు బయటపడితే బాగుచేసే గడువు అగ్రిమెంటులో తేదీతో సహా వుంటుంది. చెరువు మొదటిసారి నిండగానే పదిమంది కలిసి కట్ట పొడవునా నడవాలి. వెనక వాలున తడి మచ్చలున్నాయా, తూము మూసినా కారుతోందా, రివిట్‌మెంటు రాళ్ళు జారాయా చూసి, వున్నదున్నట్టు రాసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆఫీసులో ఇవ్వాలి. నోటి మాటగా చెప్పి రావద్దు. రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.