మైపాడు ఎండా – మూతి మీద పొక్కులూ

సెలవులకు మైపాడు వెళ్ళారనుకోండి. నెల్లూరికి దగ్గరే కదా సముద్రం! పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం దాకా అలల్లో ఆడారు. పైనుంచి ఎండ, నీటి మీదా ఇసుక మీదా పడి ఎగిరి ముఖాన కొట్టే ఎండ మరికొంత. రెండు మూడు రోజులకు మీలో ఒకరికి పెదవి అంచున చిమచిమలాడి, నీటి పొక్కులు గుత్తిగా లేచాయి. “వేడి చేసిందిరా, మజ్జిగ తాగు” అంటుంది అవ్వ. మజ్జిగ మంచిదే. కాని పొక్కులకు కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్.

అది మైపాడులో అంటుకున్నది కాదు. చాలామందికి పసితనంలోనే, పెద్దలు ముద్దు పెట్టుకున్నప్పుడు లాలాజలంతో వస్తుంది. అప్పుడే మొదటి యుద్ధం జరుగుతుంది. వైరస్ దూరిన చర్మకణం ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. (దీన్ని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు.) తరువాత టి కణాలు వచ్చి వైరస్ పట్టిన కణాలను చంపుతాయి. ప్రతిరక్షకాలు తయారవుతాయి. పుండు మానుతుంది.

గెలిచినట్టేనా? లేదు! యుద్ధం సాగుతుండగానే కొన్ని వైరస్‌లు నాడి కొసలోకి జారుకుని, నాడి వెంట పాకి, పుర్రె లోపల చెవికి ముందువైపున్న త్రిధార నాడీసంధిని చేరతాయి. అక్కడ నాడీకణంలో చడీచప్పుడూ లేకుండా పడుకుంటాయి.

టి కణాలు అక్కడికీ వెళ్ళి చుట్టూ కాపలా కూర్చుంటాయి. మరి చంపవేం? చర్మకణం చస్తే మరొకటి పుడుతుంది; నాడీకణం పోతే పోయినట్టే. అందుకని కణాన్ని బతకనిచ్చి వైరస్‌ను మాత్రం అదిమిపెడతాయి. ఎలుకల మీద ప్రయోగాల్లో ఒక చిత్రం బయటపడింది: వైరస్ నిద్రలేవడానికి కావలసిన ఒక ప్రోటీన్‌ను ఈ టి కణాలు వదిలే ఎంజైము తుంచివేస్తుంది, నాడీకణం మాత్రం చావదు.

మైపాడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెండు పనులు చేస్తాయి. పడుకున్న వైరస్‌ను లేపుతాయి. పెదవి చర్మంలోని రక్షక కణాలను కొన్నాళ్ళు మందగింపజేస్తాయి. వైరస్ వచ్చిన దారినే పెదవికి దిగుతుంది. జ్వరంలోనూ ఇలా లేస్తుంది. పాత శత్రువే కనుక టి కణాలు త్వరగా గుర్తుపడతాయి. వారం పది రోజుల్లో పొక్కులు ఎండిపోతాయి.

పొక్కు తాకిన వేలితో కన్ను మాత్రం నులుముకోకండి. ఈ వైరస్ కంటి శుక్లపటలానికి పట్టిందంటే అక్కడ మన రక్షక సేనే సగం నష్టం చేస్తుంది. పోరు జరిగిన ప్రతిసారీ మచ్చ మిగిలి, అద్దంలాంటి పొర మసకబారుతుంది. హైదరాబాదులో 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల చెడిన శుక్లపటలం తీసి, దాత ఇచ్చినది అమర్చుతారు. హెర్పిస్ వల్ల చెడిన కన్నయితే, ఆపరేషను తరువాత కూడా నెలల తరబడి ఎసైక్లోవిర్ మాత్రలు మింగవలసిందే. కంటి పొర కొత్తదైనా, నాడీసంధిలోని వైరస్ పాతదే కదా!