చేతికి ‘రోలెక్స్’.. ధర రూ.3 వేలే! ఫస్ట్ కాపీ వాచీ లోపల అసలేముంది? ఇంట్లో పాత హెచ్‌ఎంటీ ఉంటే ఈ స్టోరీ మీకే

అనంతపురం: ఫోన్‌లో రీల్స్ ఓపెన్ చేస్తే చాలు.. పచ్చటి డయల్, బంగారు రంగు చైన్, బ్యాక్‌గ్రౌండ్‌లో మాస్ మ్యూజిక్. ‘ఫస్ట్ కాపీ, 7ఏ క్వాలిటీ, క్యాష్ ఆన్ డెలివరీ’ అంటూ వాచీల వీడియోలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. షోరూంలో లక్షలు పలికే రోలెక్స్, ఒమేగా ఇక్కడ రెండు వేలు, మూడు వేలు. ఆర్డర్ పెడితే కొన్ని రోజుల్లో పార్సిల్ ఇంటి గుమ్మంలో ఉంటుంది.

వీటిని మోసపోయి కొనేవాళ్లే కాదు, కాపీ అని తెలిసే కొనేవాళ్లూ బోలెడుమంది. ఫ్రెండ్ పెళ్లికి ఒకటి, మొదటి జీతం వచ్చిందని ఇంకొకటి.. అలా మొదలై అర డజను, డజను కూడబెట్టి దాన్నే హాబీ చేసుకున్న కుర్రాళ్లు కూడా ఉన్నారు. మరి ఆ మూడు వేలకు మన చేతికి వస్తున్నదేంటి? పాడైతే ఎవరు బాగు చేస్తారు? మోజు తీరాక ఇంకొకరికి అమ్మేస్తే ఏమవుతుంది? డబ్బు కట్టే ముందు ఎవరూ అడగని ప్రశ్నలు ఇవే.

‘7ఏ’ అంటే ఏంటి?

ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, ట్రిపుల్ ఏ, 7ఏ.. ఇవన్నీ అమ్మేవాళ్లు పెట్టుకున్న పేర్లే. ఈ గ్రేడ్‌లను కొలిచి ముద్ర వేసే సంస్థ ఎక్కడా లేదు. ఒక పేజీలో 7ఏ అని చూపించే వాచీనే ఇంకో పేజీలో మాస్టర్ కాపీ అని రేటు పెంచి అమ్మొచ్చు. అడిగేవాడు ఉండడు.

వాచీ విలువ తేల్చేది లోపలి మెషిన్. చౌక కాపీల్లో ఎక్కువగా ఉండేది సెల్లుతో నడిచే క్వార్ట్జ్ మెషిన్. దీన్ని గుర్తుపట్టడం చాలా ఈజీ. సెకన్ల ముల్లు సెకనుకు ఒక్కసారి ‘టక్’మని దూకుతుంది. ఇప్పుడు రోలెక్స్ తయారు చేసే వాచీలు దాదాపు అన్నింటిలో మెషిన్ గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 8 చిన్న అడుగులు. అందుకే ముల్లు జారుతున్నట్టు కనిపిస్తుంది. ఇప్పటి మోడల్ డయల్ మీద రోలెక్స్ అని రాసి ఉండి, ముల్లు సెకనుకోసారి దూకుతుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

కొంచెం ధర పెరిగితే చైనా ఆటోమేటిక్ మెషిన్ వస్తుంది. చేయి కదిలినప్పుడల్లా దానంతట అదే కీ తిరుగుతుంది. వీటిలో చాలావరకు గంటకు 21,600 బీట్స్, సెకనుకు 6 అడుగులు. వీడియోలో చూస్తే ఇదీ జారుతున్నట్టే ఉంటుంది. రీల్ చూసి మోసపోయేది ఇక్కడే. ఆరుకీ ఎనిమిదికీ తేడా కంటికి అంత తేలిగ్గా దొరకదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెడితే తెలిసిపోతుంది.

ఇంకో చిన్న టెస్ట్. డయల్‌లో మూడు చిన్న గుండ్రాలు ఉండే డేటోనా మోడల్ తెలుసు కదా. అసలు దాంట్లో అది స్టాప్‌వాచ్. పక్క బటన్ నొక్కితే ముల్లు పరిగెత్తాలి, ఇంకోటి నొక్కితే సున్నాకి రావాలి. చౌక కాపీల్లో ఆ గుండ్రాలు వారాన్నో, నెలనో, 24 గంటల టైమ్‌నో చూపిస్తుంటాయి. బటన్ నొక్కితే వారం మారుతుంది! సోమవారం కాస్తా మంగళవారం అయిపోతుంది. స్టాప్‌వాచ్ మాత్రం ఉండదు.

వీటన్నింటికంటే ఖరీదైన కాపీలు కూడా ఉన్నాయి. స్విస్ మెషిన్‌ని చూసి చైనాలో అచ్చం అలాగే చేసిన ‘క్లోన్’ మెషిన్లు వాటిలో ఉంటాయి. ధర పదుల వేలల్లోకి వెళ్తుంది. ఆ డబ్బుతో సొంత పేరున్న మంచి సీకో, సిటిజన్ ఆటోమేటిక్ వారంటీ కార్డుతో సహా వచ్చేస్తుంది. పదుల వేలు పోసి అబద్ధం కొనుక్కోవడం ఎందుకో ఈ రాసేవాడికి ఎప్పటికీ అర్థం కాని విషయం.

చట్టం ఏం చెబుతోంది?

ఇక్కడే హాబీ వాళ్లు జాగ్రత్తగా చదవాలి. మన దేశంలో ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ఉంది. అందులో 103, 104 సెక్షన్లు కీలకం. తప్పుడు బ్రాండ్ పేరు వేయడం ఒక నేరం. అలా వేసిన సరుకును అమ్మడం, అమ్మకానికి దగ్గర పెట్టుకోవడం ఇంకో నేరం. రెండింటికీ 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం విదేశాల నుంచి తెప్పించే నకిలీ సరుకును కస్టమ్స్ వాళ్లు ఆపేయొచ్చు.

గమనించండి.. ఈ సెక్షన్లు గురిపెట్టింది చేసేవాడి మీద, అమ్మేవాడి మీద. తన చేతికి పెట్టుకోవడానికి ఒక్కటి కొన్నవాడి మీద కాదు. అందుకే చాలామంది ‘మనకేం కాదులే’ అనుకుంటారు. కానీ హాబీ అన్నాక కొనడంతో ఆగదు. నాలుగు నెలలు పెట్టుకుని, మోజు తీరాక సెకండ్ హ్యాండ్ యాప్‌లో పెడతారు. ఆ క్షణం నుంచి మీరు కొనేవాడు కాదు, అమ్మేవాడు. ‘ఇది కాపీనే బ్రో’ అని ముందే చెప్పి అమ్మినా బ్రాండ్ పేరు దొంగదే కాబట్టి ట్రేడ్ మార్క్ గొడవ అలాగే ఉంటుంది. ఒరిజినల్ అని చెప్పి అమ్మితే, లేదా అలా చెప్పి తాకట్టు పెడితే దానికి తోడు మోసం కేసు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్.

ఆన్‌లైన్‌లో అమ్మితే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్ల కోసం ఒక కేసు. డిస్కౌంట్ పేరుతో నకిలీ లగ్జరీ వాచీలు అమ్మిన వెబ్‌సైట్ మీద కార్టియర్ కంపెనీ కోర్టుకెక్కింది. 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ అమ్మకందారులకు శిక్షగా రూ.1 కోటి నష్టపరిహారం కట్టాలని తీర్పిచ్చింది.

మరి ఒరిజినల్ అని చెప్పి మీకే అంటగడితే? పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో.. ఈ మూడూ దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. డబ్బు కట్టించుకుని పేజీ మాయమైపోతే అది సైబర్ మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

తాత పెట్టెలో ఉన్న వాచీ సంగతేంటి?

వాచీలంటే నిజంగా పిచ్చి ఉన్నవాళ్లకు మన సీమ ఇళ్లలోనే ఒక నిధి ఉంది. ఒకప్పుడు పెళ్లంటే అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ. ఆ వాచీ చాలా ఇళ్లలో హెచ్‌ఎంటీనే. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ప్రభుత్వ వాచీ ఇది. అనంతపురం నుంచి హైవే ఎక్కితే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే. జనతా, పైలట్, కంచన్, సోనా.. ఈ పేర్లు వింటేనే పెద్దవాళ్ల మొహం వెలుగుతుంది.

1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్ పెట్టారు. ఫ్యాక్టరీ ఎక్కడో కాదు, తెలుగువాళ్లు బాగా ఉండే హోసూరులో. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక రోజూ కీ ఇచ్చే వాచీలకు గిరాకీ తగ్గింది. చివరికి 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. మూతపడుతుందన్న వార్తలు వచ్చాకే అందరికీ మళ్లీ హెచ్‌ఎంటీ గుర్తొచ్చింది! పాత వాచీల కోసం వెతుకులాట మొదలైంది. బెంగళూరు జాలహళ్లిలో ఇప్పుడు హెచ్‌ఎంటీ మ్యూజియమే ఉంది. అటు వెళ్తే ఒకసారి చూసి రండి.

కానీ ట్విస్ట్ ఏంటంటే.. ఇప్పుడు హెచ్‌ఎంటీకీ కాపీలే. పాత మెషిన్‌కి కొత్తగా పెయింట్ వేసిన డయల్, ఇంకేదో వాచీ ముల్లులు, ఎక్కడిదో కేసు తగిలించి ‘వింటేజ్ హెచ్‌ఎంటీ’ అని అమ్మేస్తున్నారు. ఇలా అతికించిన వాచీలకు కలెక్టర్లు పెట్టిన ముద్దుపేరు ‘ముంబై స్పెషల్’. యాభై ఏళ్ల వాచీ డయల్ నిన్న ప్రింట్ చేసినట్టు మెరుస్తుంటే అనుమానించాలి. అక్షరాల అంచులు పాకినట్టున్నా, ముల్లు కొన నిమిషాల గీతల దాకా రాకుండా పొట్టిగా ఆగిపోయినా అనుమానించాలి. ఆ మోడల్‌లో కంపెనీ ఎప్పుడూ చేయని రంగుల్లో కనిపిస్తే ఇంక చెప్పక్కర్లేదు. కొనే ముందు వెనక మూత తీసిన ఫొటో అడగండి. మెషిన్ మీద హెచ్‌ఎంటీ అని చెక్కి ఉండాలి. జనతాలో 17 జువెల్స్ అని కూడా ఉంటుంది. మూత తీయనంటే వదిలేయండి.

తాత వాచీ ఇంట్లోనే దొరికితే ఇంకో జాగ్రత్త. పాలిష్ పెట్టించొద్దు, డయల్ మీద కొత్త పెయింట్ అసలే వేయించొద్దు. జనతా లాంటి వాటి కేసు పైన ఉండేది పల్చటి క్రోమ్ పూత. రుద్దితే పూత పోయి లోపలి ఇత్తడి బయటపడుతుంది. డయల్ మీద పసుపు మరకలు ఉంటే ఉండనివ్వండి. ఆ మరకలే అది ఒరిజినల్ అనడానికి సాక్ష్యం.

మన ఎండకు, దుమ్ముకు వాచీ తట్టుకోవాలంటే..

అనంతపురంలో ఏడాది మొత్తం మీద సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కాబట్టి ఇక్కడ వాచీని చంపేది వాన కాదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడి, చెమట, ఎర్రమట్టి దుమ్ము.. ఈ మూడే.

కాపీ డయల్ మీద ‘300 మీటర్లు’ అని రాసి ఉంటుంది. అది బొమ్మ మాత్రమే. నీళ్లు రాకుండా ఆపేది వెనక మూతకీ, కీ బటన్‌కీ ఉండే సన్నటి రబ్బర్ రింగులు. చౌక వాటిలో అవి సరిగ్గా కూర్చోవు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసేయడమే మంచిది. గ్లాస్ లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టి కూర్చోకండి. అదే రోజు మూత తీయించి ఆరబెట్టించాలి. లేటయితే లోపలి స్టీలు ముక్కలు తుప్పు పడతాయి.

చౌక బంగారు పూత చెమటకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. పూత కింద నికెల్ ఉంటే కొందరికి మణికట్టు ఎర్రబడి దురద పుడుతుంది. దురద మొదలైతే క్రీమ్ రాసి మళ్లీ అదే పెట్టుకోకుండా వాచీ మానేసి డాక్టర్‌కి చూపించండి.

శెనక్కాయ కోతలప్పుడు పొలంలోనో, హైవే దుమ్ములో బైక్ మీదో కీ బటన్ బయటికి లాగి టైమ్ సరిచేయకండి. ఆ సందులోంచే ధూళి లోపలికి పోతుంది. కీ ఇచ్చే వాచీకి రోజూ ఒకే టైమ్‌కి, చేతి నుంచి తీసి, బిగువు తగిలేదాకా తిప్పి ఆపేయాలి. తేదీ ఉన్న వాచీలకు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య తేదీ మార్చొద్దు. ఆ టైమ్‌లో తేదీ పళ్లచక్రాలు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే పళ్లు విరుగుతాయి. ఉన్నట్టుండి వాచీ రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే స్పీకర్ పక్కనో, మాగ్నెట్ కవర్ ఉన్న ఫోన్ పక్కనో పెట్టారేమో చూసుకోండి. అయస్కాంతం పడితే లోపలి జుట్టంత స్ప్రింగ్ చుట్లు అతుక్కుంటాయి. రిపేర్ షాపులో ఆ అయస్కాంతం తీసేయడం నిమిషాల పని.

సెల్లు వాచీ ఆగిపోతే అలాగే బీరువాలో పడేయొద్దు. సెల్లు తీయించి పెట్టండి. లేదంటే అది కారి మెషిన్‌ని తినేస్తుంది. ఆటోమేటిక్, కీ వాచీలకైతే నాలుగైదేళ్లకోసారి మెషిన్ విప్పి కడిగి కొత్త ఆయిల్ వేయించాలి. కాపీల కథ అడ్డం తిరిగేది ఇక్కడే. కంపెనీ సర్వీస్ సెంటర్ వాటిని ముట్టుకోదు. చైనా మెషిన్‌కి విడి భాగాలు మన ఊళ్లో దొరకడం కష్టం. చాలాసార్లు మెషిన్ మొత్తం మార్చడం తప్ప దారి ఉండదు. ఆ ఖర్చు వాచీ ధరకు దగ్గరకొచ్చేస్తుంది. హెచ్‌ఎంటీకైతే ఇప్పటికీ పాత వాచీల నుంచి తీసిన భాగాలు తిరుగుతున్నాయి. క్లాక్ టవర్ చుట్టుపక్కల అయినా, మీ ఊరి బస్టాండ్ దగ్గరైనా చేయి తిరిగిన ముసలాయన ఉంటే ఆ మెషిన్ ఆయనకు కొట్టినపిండే.

ఆయనకు వాచీ ఇచ్చే ముందు ఫోన్‌లో మూడు ఫొటోలు తీసుకోండి.. ముందు వైపు ఒకటి, వెనక ఒకటి, మూత తీశాక మెషిన్‌ది ఒకటి. ఏ భాగం మార్చినా పాతది చిన్న కవర్‌లో వేసి తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. విరిగిపోయిన ముల్లయినా సరే, తీసుకుని దాచండి.