గచ్చు మధ్య నిలబడ్డ చెట్టుకు నీళ్లెక్కడ పొయ్యాలి? నందిగామ ఎండల్లో పెరటి చెట్ల సంరక్షణ

పొలంలో ఆచ్ఛాదన గురించి నలుగురికీ చెప్పే మనమే ఇంటికొచ్చేసరికి వాకిలంతా గచ్చు చేయిస్తాం. మధ్యలో రెండడుగుల చదరం వదిలి అందులో వేపచెట్టును నిలబెడతాం. మే నెలలో చెట్టు వాడుతుంటే మొదలు దగ్గర రోజూ ఒక బకెట్టు నీళ్లు కుమ్మరిస్తాం. అయినా కొమ్మలు ఎండుతాయి. నీళ్లు చాల్లేదనుకుని రెండో బకెట్టు పోస్తాం. చాలా ఇళ్లలో అసలు సంగతి ఏమిటంటే, నీళ్లు తాగే వేరు ఒకచోట ఉంది, మనం పోసేది ఇంకోచోట.

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఎడారి కాదు. పక్కనే మునేరు, పాలేరు, కింద కృష్ణమ్మ ఉన్నాయి. కానీ రోహిణి కార్తెలో వాతావరణ శాఖ లెక్కల్లో నందిగామ పేరు తరచూ ముందు వరసలో కనిపిస్తుంది. 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఆ ఎండకు గచ్చు వేడి, గోడల వేడి కలిస్తే పెరటి చెట్టు పాలిట అది ఎడారే.

ముందు వేరు సంగతి చూద్దాం. మిట్టమధ్యాహ్నం 12 గంటలకు చెట్టు నీడ ఎక్కడి వరకు పడుతుందో చూడండి. నీళ్లు పీల్చే సన్నవేళ్లలో ఎక్కువ భాగం ఆ నీడ అంచు దగ్గర, దానికి అవతల ఉంటాయి. మొదలు దగ్గర ఉండే లావు వేళ్లు చెట్టును నిలబెట్టడానికి. సుభాష్ పాలేకర్ గారు వాఫస గురించి చెబుతూ నీడ అంచుకు అవతల కాలువ తీయమనేది ఇందుకే. నల్లరేగడిలో మొదలు దగ్గర రోజూ తడి పెడితే మట్టిలో గాలి ఆడదు, వేరు ఉక్కిరిబిక్కిరవుతుంది. పైన చూస్తే చెట్టు దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది, మనం మళ్లీ నీళ్లు పోస్తాం!

వీడియోలో చూపించింది ఆరడుగుల వరకు నీడ పడే చెట్టు. నీడ అంచు చుట్టూ అడుగు వెడల్పు, అరడుగు లోతు కాలువ తీస్తే దాని పొడవు సుమారు 38 అడుగులు. నిండా పెడితే దాదాపు 530 లీటర్లు పడతాయి. అమ్మో అనుకోకండి. మధ్యలో రెండుచోట్ల మట్టికట్ట వేసి, ఒక విడత సగం కాలువకు, తర్వాతి విడత మిగతా సగానికి పెట్టండి. విడతకు 265 లీటర్లు. రోజుకు 20 లీటర్ల బకెట్టు చొప్పున 15 రోజులు పోసినా 300 లీటర్లవుతుంది గదా! నీళ్లు అవే, పోసే చోటు మారిందంతే. నల్లరేగడిలో వేసవిలో రెండు వారాలకోసారి సరిపోతుంది. ఎర్ర చెల్కలో వారానికే చూసుకోవాలి.

తడి ఎంత లోతు దిగిందో తెలియాలంటే పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నీళ్లు పెట్టిన మర్నాడు నాలుగడుగుల సన్న ఇనుప చువ్వను చేత్తో నేలలోకి నొక్కండి. తడి ఉన్నంత వరకు సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. రెండు మూడడుగులు దిగితే చెట్టు గట్టెక్కినట్టే. అరడుగుకే ఆగిందంటే మీరు పోసిన నీళ్లు ఎండకు పోతున్నాయి, చెట్టుకు కాదు.

ఈ చువ్వ పద్ధతిని అమెరికాలో నిజంగానే ఎడారి అయిన అరిజోనాలో ఇంటి చెట్లకు వాడతారు. అక్కడి ఫీనిక్స్ నగరంలో 2023లో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు దాటింది. ఎడారిలోనే పుట్టిన సగ్వారో అనే పెద్ద పెద్ద జెముళ్లు కూడా ఆ ఏడాది కూలిపోయాయి. పగటి ఎండ ఒక్కటే అయితే అవి తట్టుకునేవేమో. కాంక్రీటు వేడి వల్ల రాత్రి కూడా చల్లబడకపోవడం వాటిని దెబ్బతీసింది. మన వాకిళ్లలో గచ్చు చేసేదీ అదే. రాత్రి పదింటికి చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి చూడండి, తెలుస్తుంది.

అదే రాష్ట్రంలో టూసాన్ అనే ఊళ్లో బ్రాడ్ లాంకాస్టర్ అనే ఆయన వీధిలో పారే వాన నీటిని రోడ్డు అంచు కోసి, చెట్ల గుంటల్లోకి మళ్లించారు. మొదట్లో అలా కొయ్యడం చట్టవిరుద్ధం. తర్వాత నగరపాలక సంస్థే అనుమతించింది. ఆ వీధుల్లో పెంచిన చెట్లలో మెస్కీట్ ఒకటి. మనం పీకలేక చస్తున్న సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టం! ఆ ఊరి వాన మనకు పడేదాంట్లో సగం కూడా ఉండదు. మనమేమో డాబా మీద పడిన వానను గొట్టం పెట్టి వీధి కాలువలోకి పంపిస్తున్నాం. 1,000 చదరపు అడుగుల డాబా మీద అంగుళం వాన పడితే 2,300 లీటర్ల పైమాటే. కొంత వృథా పోయినా చెట్టు చుట్టూ కాలువ మూడుసార్లు నిండుతుంది. గొట్టం కొసను చెట్టు వైపు తిప్పండి చాలు.

గచ్చు మొత్తం పగలగొట్టమంటే ఇంట్లో యుద్ధమే. నీడ అంచున నాలుగైదు చోట్ల అడుగు చదరం టైల్స్ తీసి, గడ్డపారతో రెండడుగుల లోతు గుంటలు తవ్వి, ఎండాకులు, చివికిన పశువుల ఎరువు నింపండి. నీళ్లు, జీవామృతం అక్కడే పొయ్యండి. వేళ్లు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. పెరటికి 200 లీటర్ల డ్రమ్ము అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ రెండుపూటలా కలిపి, వారంలోపు వాడెయ్యాలి. తడి ఉన్న నేలలోనే పొయ్యండి.

ఖాళీ నేల ఉన్నవాళ్లు ఆకును ఊడ్చి తగలబెట్టడం ఆపితే సగం పని అయిపోయినట్టే. వేప, కానుగ ఎండలు ముదరకముందే ఆకు రాలుస్తాయి. అది చెట్టు తన కోసం పరుచుకునే దుప్పటి. నాలుగంగుళాల మందం ఉంచండి, మొదలుకు మాత్రం జానెడు దూరం వదలండి. బెరడుకు ఆనిస్తే చెదలు పడతాయి.

కొమ్మలు కొట్టడం గురించి గట్టిగానే చెబుతాను. కరెంటు తీగలకు అడ్డమనో, కారుకు అడ్డమనో మార్చి, ఏప్రిల్‌లో కొమ్మలు కొట్టేస్తారు. అన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా పడమటి ఎండ పడి కాలుతుంది, పగులుతుంది, తర్వాత కాండం తొలుచు పురుగు చేరుతుంది. మామిడికి ఇది మరీ ప్రమాదం. కొట్టక తప్పకపోతే బయటపడ్డ బెరడుకు, చిన్న మొక్కల కాండానికి పల్చటి సున్నం పూయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

సున్నం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందే సున్నపురాయి కోసం. ఆ నేలల్లో, ఆ బోరు నీళ్లతో నిమ్మ, జామ లేత ఆకులు పచ్చబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. తుప్పు మేకులు పాతితే లాభం లేదు. సేంద్రియ పదార్థం పెరిగేకొద్దీ అందుతుంది. వేప, చింత, కానుగ, రేగు, ఉసిరి, సీతాఫలం ఈ నేలకు అలవాటుపడ్డవి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు చెట్టుకు పోసేవాళ్లు జాగ్రత్త, అందులో బోరు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పుండదు, నిక్షేపంలా పొయ్యొచ్చు.

ఎండిన చెట్టును నరికే ముందు ఒక్క మాట. 2021లో తెలంగాణలో, ఆంధ్రలో వేపచెట్లు కొసల నుంచి గోధుమరంగుకు మారి ఎండిపోతే జనం భయపడ్డారు. శాస్త్రవేత్తలు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రాన్ని, టీ దోమ అనే రసం పీల్చే పురుగును గుర్తించారు. చచ్చాయనుకున్న చెట్లు చాలావరకు తర్వాత చిగురించాయి. గోటితో కొమ్మ బెరడు గీకండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. ఎండిన కొసలను రెండంగుళాల పచ్చి భాగంతో సహా కత్తిరించి కాల్చెయ్యండి. ఒక వానాకాలం ఆగండి. పాతికేళ్ల నీడ మళ్లీ రావాలంటే పాతికేళ్లు పడుతుంది.

కొత్తగా నాటేవాళ్లు తొలకరి దాకా ఆగండి, ఇంటికి పడమర వైపు నాటండి. మొదటి రెండు వేసవులు మొక్కకు అటూ ఇటూ రెండు మట్టికుండలు మూతి దాకా పాతి, నీళ్లు నింపి మూతపెడితే చాలు, చెమ్మ నెమ్మదిగా ఊరుతుంది. రంగు వెయ్యని కుండలే కొనండి. పెద్ద చెట్టు చుట్టూ తీసిన కాలువ గట్టు మీద వానలకు ముందే నవధాన్యాలు చల్లి పైన గడ్డి కప్పండి. పూత దశలో కోసి అక్కడే పరిచేయండి.