చెక్కభజన లయ - పాఠశాల విద్యార్థి నృత్యసంగీత రచన

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలతో సహా రాయలసీమ పల్లెల్లో ప్రచారంలో ఉన్న చెక్కభజన పాట, వాద్యం, అడుగు కలిసిన సామూహిక కళ. కంప్యూటరుపై నృత్యసంగీతం కూర్చే పాఠశాల సంగీత విద్యార్థి దీనినుండి గ్రహించదగిన ప్రధానాంశం లయ నిర్వహణ.

నేటి నృత్యసంగీతంలో సాధారణంగా నాలుగేసి దెబ్బల ఆవర్తాలు ఎనిమిది కలిసి ఒక భాగమవుతాయి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఈ 32 దెబ్బలకు పట్టే కాలం 16 సెకన్లు. సాఫ్ట్‌వేర్, మనం మార్చనంతవరకు, ఆ వేగాన్నే ఆద్యంతం కొనసాగిస్తుంది. చెక్కభజన నడక ఇందుకు భిన్నమైనది. గురువు పాటను నెమ్మదిగా ఎత్తుకోగా బృందం అందుకుంటుంది. అడుగులు కుదిరాక వేగం క్రమంగా పెరుగుతుంది. అక్కడ లయకు ప్రమాణం ఆడేవారి పాదమే.

కాబట్టి విద్యార్థి ముందుగా అడుగు వరుసను చేతితో తాళం వేసి లెక్కించుకోవాలి. పిమ్మట నిమిషానికి 90, 105, 120 దెబ్బల వేగాలలో మూడు భాగాలను వరుసగా కూర్చవచ్చు. తొలి వేగంలో అవే 32 దెబ్బలకు సుమారు 21 సెకన్లు పడతాయి. అడుగు కుదుర్చుకోవడానికి ఆడేవారికి లభించే వెసులుబాటు ఆ అయిదు సెకన్లే.

చెక్కల ధ్వనిని మాత్రమే గ్రహించి స్థిరవేగానికి అతికిస్తే చెక్కభజన అలంకారంగా మిగిలిపోతుంది. వేగవృద్ధిని కూడా నిలిపినప్పుడే దాని నిర్మాణ సూత్రం కొత్త తరం రచనలోకి ప్రవేశిస్తుంది.