ఉబ్బసమా, కాదా?

గంజాము జిల్లాలో, ఆంధ్రదేశపు సరిహద్దుకు చేరువనే, బాహుదానది సముద్రమున గలియుచోట సోనేపూరు గలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము చెన్నరాష్ట్రమునుండి విడివడి ఒరిస్సాలో జేరినను, ఈ తీరపు జాలరుల యిండ్లలో తెలుగుమాట నేటికిని వినవచ్చుచున్నది. ఇచ్చటనేగాక మన తీరప్రాంతమందెల్ల, దగ్గు విడువకున్నను ఉబ్బసమే, ఆయాసము వచ్చినను ఉబ్బసమే యని యొక్క పేరు పెట్టి యూరకుండుట పరిపాటియైనది. ఈ పరిపాటి ప్రమాదకరమని మా యభిప్రాయము.

ఉబ్బసమున ఊపిరిగొట్టములు వాచి ముడుచుకొని, మరల విప్పుకొనును. ఈ వచ్చిపోవు గుణమే దానికి గుర్తు. కావున వైద్యుడు మొదట నడుగవలసినది రోగి కథ. ఆయాసము తెల్లవారుజామున హెచ్చునా? పొయ్యిపొగ, దుమ్ము, చలి, పరుగు దానిని రేపునా? నడుమ నడుమ స్వస్థత గలదా? ఇంట నితరులకున్నదా? పరీక్షవేళ పిల్లికూతలు వినబడనంతమాత్రమున ఉబ్బసము లేదనరాదు.

కథకు కొలత తోడుగావలెను. 1846లో జాన్ హచిన్‌సన్ అను ఆంగ్లవైద్యుడు ఊపిరిని గొలుచు స్పైరోమీటరును లోకమునకు దెలిపెను. రోగి నిండుగా గాలి పీల్చి బలముగా నూదగా, మొదటి సెకనులో వెడలినదెంత, మొత్తమెంత యని లెక్కింతురు. పిమ్మట సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట తాళి, మరల నూదింతురు. పెద్దవారిలో మొదటి సెకను గాలి 12 శాతమును, 200 మిల్లీలీటర్లును మించి పెరిగినచో అది ఉబ్బసమునకు బలమైన సాక్ష్యము. ఆ యంత్రము లేనిచోట పీక్ ఫ్లో మీటరను చిన్న గొట్టముతో రెండువారములు ఉదయసాయంకాలములు ఊది అంకెలు వ్రాసికొన్నను, వాని హెచ్చుతగ్గులు రోగమును బట్టియిచ్చును. ఐదేండ్లలోపు శిశువులకు లక్షణములును, మందువలని గుణమునే యాధారములు.

కూత గలదెల్ల ఉబ్బసము గాదు. క్షయ, గుండెబలహీనత, పొగత్రాగువారి ఊపిరితిత్తుల వ్యాధి అట్లే భ్రమింపజేయును. 1940లో మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము క్షయవైద్యశాలకు జెందిన ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అను వైద్యులు క్షయను బోలియు క్షయగాని యొక జబ్బును వర్ణించిరి. 1943లో వైన్‌గార్టెన్ దానిని ఉష్ణమండల ఈసినోఫిలియా యనెను. బోదకాలు క్రిములే దీనికి మూలమని పిదప దేలినది. రాత్రిదగ్గు, పిల్లికూతలు అచ్చముగ ఉబ్బసమువలెనే యుండును. కాని రక్తములో ఈసినోఫిలు కణములు ఘనమిల్లీమీటరునకు 3000 మించును. మూడువారముల డైఇథైల్ కార్బమజీన్ మాత్రలతో చాలమంది కోలుకొందురు. ఉపేక్షించినచో ఊపిరితిత్తులు శాశ్వతముగా చెడిపోవచ్చును. ఒక రక్తపరీక్షతో దేలు రోగికి ఏండ్లతరబడి ఉబ్బసపు మందులిచ్చుట న్యాయమా?

బరంపురమున 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల గలదు. కాని పట్టణమునకు బోయిన జాలరికి ఆనాటి వేట పోవును, ఇల్లు పస్తుండును. కఫపరీక్షయు, రక్తపరీక్షయు, ఊదుగొట్టమును గ్రామవైద్యశాలలకే చేరవలెను. ఇవి పెనుభారమైన వ్యయములు గావు. రోగులును ఉబ్బసమను మాటకు సిగ్గుపడి దాచక, కొలత లేనిదే ఆ పేరు నంగీకరింపక, పరీక్ష కోరవలెనని మా మనవి.