శరణార్థులు, స్థానిక సమాజం, బహిరంగ కళ

ఈ భాగం చదివాక శరణార్థుల పక్షాన నిలిచే బహిరంగ కళ ఏం చేయగలదో, ఏం చేయలేదో మీరు ఉదాహరణలతో వివరించగలగాలి.

‘శరణార్థి’ అంటే ఎవరు? జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం అనే కారణాల్లో దేనివల్లనైనా హింసకు గురవుతామన్న సహేతుకమైన భయంతో స్వదేశం విడిచి, తిరిగి వెళ్లలేని వ్యక్తి అని 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెబుతుంది. అయితే ఆ వ్యక్తి మన వీధిలోకి వస్తే పొరుగువాడిగా చూస్తామా లేదా అన్నది ఏ ఒడంబడికా తేల్చలేదు. బహిరంగ కళ ఆ ప్రశ్ననే ఊరి ముందు పెడుతుంది. రెండు ఉదాహరణలు పోల్చి చూడండి.

మొదటిది: 2016 ఫిబ్రవరిలో చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ బెర్లిన్‌లోని కాన్సర్ట్‌హౌస్ స్తంభాలకు సుమారు 14,000 నారింజ రంగు లైఫ్ జాకెట్లు కట్టించాడు. సముద్రం దాటి గ్రీసులోని లెస్బోస్ దీవికి చేరినవారు వదిలేసిన జాకెట్లవి. ఎంతమంది ప్రాణాలకు తెగించారో దారిన పోయేవారికి ఒక్క చూపుతో తెలుస్తుంది. కానీ ఆ జాకెట్టు తొడుక్కున్న మనిషి కనిపించడు.

రెండవది: 2021లో జరిగిన ‘ద వాక్’. ఇందులో నాయిక అమల్ అనే మూడున్నర మీటర్ల బొమ్మ. తల్లిని వెతుక్కుంటూ వెళ్లే తొమ్మిదేళ్ల సిరియా బాలిక పాత్ర ఆమెది. అరబ్బీలో అమల్ అంటే ఆశ. బొమ్మను తయారుచేసింది దక్షిణాఫ్రికాకు చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థ. లోపల ఒకరు కర్రకాళ్లపై నడుస్తూ తీగలతో ముఖకవళికలు మారుస్తారు. బయట ఇద్దరు చేతులు ఆడిస్తారు. జులైలో తుర్కియేలోని గాజియాంతెప్‌లో బయలుదేరిన అమల్ 8 దేశాల మీదుగా సుమారు 8,000 కిలోమీటర్లు ప్రయాణించి నవంబరు 3న మాంచెస్టర్ చేరింది. దారిలోని ఊళ్లలో స్థానిక కళాకారులు, పిల్లలు స్వాగతం ఏర్పాటుచేశారు. మన ఊళ్లలో ఊరేగింపు వస్తే గుమ్మంలోకి వచ్చి హారతి ఇస్తాం కదా, అలాగే అక్కడి ప్రేక్షకులు ఆతిథ్యమిచ్చేవారయ్యారు.

అన్ని ఊళ్లూ ఒకేలా స్పందించలేదు. గ్రీసులోని లారిసాలో కొందరు అమల్‌పై రాళ్లు రువ్వారు. మెటియోరా మఠాల ప్రాంతంలోకి స్థానిక మండలి రానివ్వలేదు. ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ తీరంలో మాత్రం జనం ఎదురువచ్చి స్వాగతించారు. కానీ కొద్ది నెలలకే, 2022 ఏప్రిల్‌లో, ముందస్తు అనుమతి అవసరమైనవారు అది లేకుండా దేశానికి చేరుకోవడాన్ని నేరంగా చేస్తూ బ్రిటన్‌లో చట్టం వచ్చింది.

దీన్నిబట్టి ఏం గ్రహించాలి? కళ చట్టాన్ని ఆపలేకపోయింది. బొమ్మకు అద్దె ఇల్లు, బడి, రేషను అక్కర్లేదు. మర్నాటికి ఊరు దాటిపోతుంది. నిజమైన బాలిక అక్కడే ఉంటుంది. అయినా ఆ ఒక్కరోజు ఊరు తన మనసులోని మాటను, అది స్వాగతమైనా రాయి అయినా, నడివీధిలో బయటపెట్టింది. బయటపడిన అభిప్రాయంతోనే చర్చ సాధ్యం. బహిరంగ కళ చేయగలిగింది అంతవరకే. ఆ తరువాతి పని ఊరివాళ్లది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై రెండు ప్రదర్శనల్లో ప్రేక్షకుల పాత్ర ఎలా భిన్నంగా ఉంది?
2. మీ ఊరికి నిర్వాసితులు వచ్చారనుకోండి. వారి కోసం ఏర్పాటుచేసే కళాప్రదర్శనలో వారికి ఏ పాత్ర ఇస్తారు? ఎందుకు?